ద్రాక్ష కోసిన మర్నాడు

విశ్వతేజ పనికి వెళ్ళక ఏడు నెలలయింది. జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గ్‌లో కార్లకు సాఫ్ట్‌వేర్ రాసే ఇంజనీరు అతను. మనసు బాగాలేదని డాక్టరు నెలనెలా సెలవు కాగితం రాసిస్తున్నాడు, మాత్రలూ ఇస్తున్నాడు. కానీ థెరపిస్టు దగ్గర అపాయింట్‌మెంట్ జనవరికి గానీ దొరకలేదు.

చెల్లెలు స్నిగ్ధ మ్యూనిక్ పక్కన ఉంటర్‌ఫ్యోరింగ్‌లో ఉద్యోగం చేస్తుంది. రోజూ ఫోన్ చేసేది. అతను రోజూ "మంచిగనే ఉన్న" అనేవాడు. సెప్టెంబరులో ఒక శనివారం ఆమె చెప్పకుండా వెళ్ళి చూస్తే, పట్టపగలు కిటికీ షట్టర్లన్నీ దించి ఉన్నాయి. పోస్టు డబ్బాలో కొత్త కవరు పట్టే చోటు లేదు. అన్న గడ్డం పెరిగి, చిక్కిపోయి, తలుపు తీసి మళ్ళీ వెళ్ళి పడుకున్నాడు.

"మోజెల్ నది కాడికి పోదాం అన్నా. అయిదు రోజులు. రోమన్ల కాలం నుంచి ద్రాక్షతోటలేనట, మస్తు నిమ్మళంగ ఉంటదట" అంది.

అతను కాదనలేదు. బట్టలు ఆమే సర్దింది.

అక్టోబరు మొదట్లో బయల్దేరారు. కోబ్లెంజ్ దాటాక రైలు నది వెంబడే పోయింది. రెండు వైపులా నిటారు కొండలు, వాటి మీద వరసలు వరసలుగా ద్రాక్ష, పసుపు రంగుకు తిరుగుతున్న ఆకులు. స్నిగ్ధ కిటికీకి అతుక్కుపోయింది. విశ్వతేజ తన అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాడు.

కోఖెమ్ దగ్గర ఒక పల్లెలో వాళ్ళు దిగిన ఇల్లు ఫ్రౌ టీల్ అనే డెబ్బై ఏళ్ళావిడది. కింద వైన్ సెల్లారు, పైన అతిథులకు మూడు గదులు. భర్త పోయాక తోట ఒక్కతే చూసుకుంటోంది.

మర్నాడు కాఫీ పోస్తూ ఆవిడ, కోతకు రావలసిన నలుగురిలో ఇద్దరు రాలేదని, ఆ ఏటవాలులో యంత్రాలు నడవవని వాపోయింది. స్నిగ్ధ ఏదో ఓదార్పు మాట వెతుక్కుంటూ ఉండగానే విశ్వతేజ జర్మన్‌లో అన్నాడు: "నేను వస్తాను."

స్నిగ్ధ చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది.

ఆ పూటంతా అతను కోశాడు. స్నిగ్ధ కూడా వెంట వెళ్ళింది. పలకరాళ్ళ మీద కాలు నిలదొక్కుకుని, చిన్న కత్తెరతో గుత్తి తెంచి, కుళ్ళిన పళ్ళు ఏరేసి, బకెట్టు నింపి కిందికి అందించాడు. ఒకసారి స్నిగ్ధ జారి కూలబడితే నవ్వాడు కూడా.

"చిన్నప్పుడు సైకిల్ మీదికెళ్ళి గిట్లనే పడుతుంటివి" అంటూ చెయ్యందించాడు.

ఆమె వెంటనే ఫోటో తీసి కరీంనగర్‌లో ఉన్న తల్లి బాలామణికి పంపింది. "అన్న నవ్విండమ్మా" అని రాసింది. అయిదు నిమిషాల్లో తల్లి ఫోను. స్నిగ్ధ అన్న చేతికిచ్చింది.

"బిడ్డా, మంచిగైనవా? సోమవారం నుంచి డ్యూటీకి పోతవా?"

"పోత అమ్మా" అన్నాడు విశ్వతేజ.

మర్నాడు వాళ్ళు పడవలో తిరగాలి. తొమ్మిదయినా అతను కిందికి రాలేదు. పది దాటాక స్నిగ్ధ తలుపు తోసి చూసింది. నిన్నటి ప్యాంటుతోనే, మోకాళ్ళకు మట్టితోనే, గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"అన్నా, పడవకు టైమైతుంది."

అతను ఇంకాస్త గోడ వైపు జరిగాడు.

"నిన్న మంచిగనే ఉంటివి గద!"

"నిన్న నీ కోసం చేసిన."

ఆమె మంచం అంచున కూర్చుంది.

"నిన్న పొద్దున వస్త అన్నప్పుడు నీ మొఖం ఎట్లయిందో చూసిన. అది చూసి ఇగ ఆపలేకపోయిన" అన్నాడు గోడకే చెబుతున్నట్టు. "కోసిన. నవ్విన. అమ్మతోటి పోత అన్న. గిప్పుడు నా దగ్గర ఏం మిగల్లే, స్నిగ్ధా."

"నాకు చెప్పొద్దా?"

"చెప్తే ఏం చేస్తవు?"

ఆమె అతని మోకాలికి అంటిన మట్టి దులిపింది. తర్వాత, భయపడుతూనే అడిగింది. "చచ్చిపోవాలనిపిస్తుందా అన్నా?"

"లేదు. ఏదీ అనిపిస్తలేదు. అదే బాధ."

ఆమె వరండాలోకి వచ్చి అతని డాక్టరుకు ఫోన్ చేసింది. మాత్ర మోతాదు మార్చడానికి సోమవారం రమ్మన్నారు. థెరపీ మాత్రం జనవరిలోనే. అంతకన్నా ముందు చోటు లేదన్నారు. పరిస్థితి మరీ విషమిస్తే ఎమర్జెన్సీకి తీసుకురమ్మన్నారు.

మధ్యాహ్నం ఫ్రౌ టీల్ సూప్ తెచ్చింది. తలుపు సందులోంచి మంచం వైపు చూసి, గొంతు తగ్గించి, "మా ఆయన కూడా ఇలాగే పడుకునేవాడు. కోతల్లో కూడా" అంది.

"తర్వాత తగ్గిందా?" స్నిగ్ధ ఆశగా అడిగింది.

ఆవిడ ట్రే బల్ల మీద పెట్టి సర్దింది. "తాగడం మొదలుపెట్టాడు" అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మిగిలిన రోజులు అలాగే గడిచాయి. కింద వీధిలో గ్లాసులు పట్టుకుని జనం పాడుకుంటూ పోతుంటే స్నిగ్ధ కిటికీ మూసేది. రోజుకు రెండుసార్లు అన్నను లేపి కూర్చోబెట్టి నాలుగు చెంచాలు తినిపించేది. అతను నోరు తెరిచేవాడు, అంతే.

తిరుగు ప్రయాణంలో కోబ్లెంజ్‌లో ఆమె దక్షిణానికి, అతను ఉత్తరానికి వెళ్ళాలి. ఆమె శుక్రవారమే ఆఫీసుకు ఫోన్ చేసి వారం సెలవు అడిగితే మూడు రోజులిచ్చారు. అతని వెంటే రైలెక్కింది. ఆ మూడు రోజుల తర్వాత ఏం చేయాలో ఆమెకు తోచలేదు.

రైలు కదిలిన కాసేపటికి తల్లి ఫోన్ చేసింది.

"అన్న ఆఫీసు బట్టలు ఇస్త్రీ చేసి పెట్టవే. రేపు పోవాలె గద."

"పోడమ్మా. అన్నకు తగ్గలే. నేనే తొందరపడి చెప్పిన."



"మరి ఎప్పుడు తగ్గుతది బిడ్డా?"

"తెల్వదమ్మా."

పక్క సీట్లో విశ్వతేజ నిద్రపోవడం లేదని ఆమెకు తెలుసు. అయినా అతను కళ్ళు తెరవలేదు.