వంగిన ఎర్రగీత

బాలి దీవిలో హోటళ్లకు దారి గీయడానికి జకార్తా ప్రభుత్వం పిలిపించిన ఫ్రెంచి దొర మా మడుల్లోకి వచ్చాడు. వెంట ఒక అధికారి, ఇద్దరు సైనికులు. పటంలో ఎర్రగీత సరిగ్గా మా ఊటబావి మీంచి పోతోంది. అది పూడిస్తే నలభై ఇళ్ల వరి ఎండుతుంది. నోరెత్తితే కమ్యూనిస్టని పట్టుకుపోయే రోజులవి. మేం తలలు వంచుకుని కలుపు తీస్తూనే ఉన్నాం.

మా సుక్రి వదిన మాత్రం కొబ్బరాకు దొప్పలో పూలు, అన్నం తెచ్చి, ఊట గట్టున నిలబడ్డ దొర బూటు ముందు నేలమీద పెట్టి అగరొత్తి గుచ్చింది.

“ఏమిటిది?” అన్నాడు దొర.

“ఏం లేద్సార్. వీళ్లు పొయ్యి దగ్గరా పెడతారు, సైకిల్ మీదా పెడతారు,” అని అధికారి నవ్వాడు.

“పెడతాం నాయనా. ఇక్కడ పెట్టింది దాటితే మాత్రం కాళ్లు పడిపోతాయి,” అంది వదిన.

అలాంటి నియమమేదీ మాకు లేదు. అగరొత్తి ఆరాక దొప్పల్ని కోళ్లు కెలుకుతాయి, మేమూ దాటుకుంటూ పోతాం. అధికారి వదిన మాటను దొర భాషలో చెప్పగానే, దొర దొప్పనీ, మడుల్లోకి పారే నీళ్లనీ చాలాసేపు చూశాడు. నవ్వాపుకుంటూ రబ్బరుతో గీత చెరిపి, ఊటకు అవతలగా వంచాడు.

మా మాట వినని జకార్తా ఆయన గీతను విన్నది.

ఇప్పటికీ వదిన ఊట దగ్గర రోజూ ఒక దొప్ప ఎక్కువ పెడుతుంది.

“ఎవరికి వదినా?”

“బూటాయనకయ్యా. పేరడగలేదుగా, దేవుడే వెతికి ఇస్తాడులే.”