నడుం నొప్పి మాయం

అత్తగారి మంచం మీద దుప్పటి మార్చాలంటే పరుపు నాలుగు మూలలా ఎత్తాలి. చివరి మూల ఎత్తుతుండగా జోసెట్ నడుం కలుక్కుమంది. సరిగ్గా అప్పుడే వంటింటి రేడియోలోంచి జోసెట్ గొంతే హాయిగా పలికింది: "ఏళ్ల తరబడి నా ప్రాణం తీసిన నడుం నొప్పి, గ్రెక్ పరుపు మీద పడుకున్నాక మాయం!"

ఆ మాట ఆమె ఏనాడూ అనలేదు. మకాయ్ ఊళ్లో వాళ్ల గ్రెక్ పరుపుల దుకాణం ప్రకటనలన్నీ పెళ్లైనప్పటి నుంచి ఆమే చదివింది, ఒక్క డాలరు తీసుకోకుండా. "ఇంట్లో మనిషివి, నీకు జీతమేంటే?" అనేవాడు మొగుడు సావ్. ఇప్పుడా పాత రికార్డింగులన్నీ ఏఐకి అప్పజెప్పి, తనకి కావలసిన మాటలు పలికించుకున్నాడు మహానుభావుడు. మాటవరసకైనా ఆమెని అడగలేదు. ఇంట్లో ఆమె నాలుగు మాటలు మాట్లాడితే "అబ్బ, గొంతు తగ్గించవే" అని విసుక్కునే మనిషికి, సరుకు అమ్ముకోవడానికి మాత్రం అదే గొంతు కావాలి. జోసెట్‌కి ఒళ్లు మండిపోయింది.

ఎవరో ఫిర్యాదు చేశారు. కొనేవాళ్లు మోసపోకుండా చూసే ప్రభుత్వ కార్యాలయం వాళ్లు సావ్‌ని నిలదీశారు: నొప్పి తగ్గిందంటున్న ఆవిడెవరు, ఆ మాట నిజంగా అన్నదా అని.

"నువ్వే అన్నావని ప్రమాణపత్రం మీద సంతకం పెట్టెయ్. పీడా వదిలిపోతుంది," అన్నాడు సావ్, కాగితం ముందుకు తోసి.

"గొంతు నాది. మాట నాది కాదుగా."

"రెంటికీ తేడా ఏంటే? జరిమానా పడితే దుకాణం మూసుకోవాలి. రోడ్డున పడతాం."

గదిలోంచి అత్తగారు అందుకుంది. "మొగుడి కోసం ఓ సంతకం పెట్టలేవా అమ్మాయ్? నేనైతే అడక్కముందే పెట్టేదాన్ని."

జోసెట్‌కి భయం వేసింది. దుకాణం పోతే తిండి పోతుంది. అబద్ధపు ప్రమాణం చేస్తే రేపు కోర్టులో నిలబడాల్సింది తను, యంత్రం కాదు. సావ్ కారు తీశాడు. ఆమె ఎక్కి కూర్చుంది.

ఇలాంటి సంతకాలకి ఆ దేశంలో మందుల షాపు ఫార్మసిస్టు సాక్షిగా ఉండొచ్చు. షాపులో ఫార్మసిస్టు బ్రిజెట్ కాగితమంతా చదివి, జోసెట్ చేతికి పెన్ను ఇచ్చింది.

"ఇందులో రాసిందంతా నిజమేనా?"

"నిజమే," అన్నాడు సావ్.

"మిమ్మల్ని కాదండీ. ఆవిణ్ణి అడిగాను."

జోసెట్ పెన్ను కాగితం పక్కన పెట్టేసింది.

"నా నడుం నొప్పి మాత్రలు అయిపోయాయి బ్రిజెట్. రోజూ వేసుకునేవే. ఇంకో డబ్బా ఇవ్వు," అంది, షాపంతా వినబడేలా.

సావ్ మొహం మాడిపోయింది. "గొంతు తగ్గించవే!" అన్నాడు పళ్లు నూరుతూ.

"ఇది నాది, తగ్గించను. రేడియోలో ఉన్నది నీది. దాన్ని తగ్గించుకో."