ఒక కంటికి రెండు తేదీలు

ఏళ్ల తరబడి కుట్టుమిషన్ తొక్కిన మనిషి కదా, ఆవిడ ఫారాలు కూడా కుట్టు పోకుండా నింపింది. రెండు ఫారాలు. లేత్ మిషన్ మీద పనిచేసే భర్తకు ఫ్యాక్టరీ ఇచ్చిన బీమా ఒకటి, బట్టలు కుట్టే షాపులో తన ఉద్యోగం మీద వచ్చింది ఇంకొకటి. భర్త కుడికంటి వెనక పొర ఊడిపోతోంది. మూడు రోజుల్లో ఆపరేషన్ జరగాలన్నాడు డాక్టరు. ఖర్చుకు ఒక్క బీమా చాలదు. రెండు కంపెనీలూ సరేనంటేగాని థియేటరు తలుపు తెరుచుకోదు.

"రెండేసి బీమాలు! మనంతటి మహారాజులెవరే!" అని మంచం మీంచి నవ్వాడు భర్త.

మూడో రోజు పొద్దున్నే బీమా కౌంటరు గుమాస్తా ఆవిణ్ణి పిలిచాడు.

"రెండూ కొట్టేశారమ్మా."

"అదేమిటి బాబూ! ఎందుకు?"

"జబ్బు మొదలైంది మీరు ఒకదాంట్లో ఐదో తేదీ అన్నారు, ఇంకోదాంట్లో పన్నెండు అన్నారు. తప్పుడు సమాచారమట."

ఆవిడ కౌంటరు మీదికి వంగింది.

"ఒకరు మసక ఎప్పుడు మొదలైందని అడిగారు. ఐదో తేదీన. ఇంకొకరు డాక్టరు ఎప్పుడు తేల్చాడని అడిగారు. పన్నెండున. అడిగినదానికే కదయ్యా చెప్పాను! నిజం రాసి దొంగనయ్యానా?"

చెల్లించడానికి ఎవరికి వారే అయిన ఆ రెండు కంపెనీలూ, కొట్టెయ్యడానికి మాత్రం కాగితాలు పక్కపక్కన పెట్టి చూసుకున్నాయి!

డాక్టరు ఉత్తరం రాశాడు, ఫోన్లలో అరిచాడు. అనుమతి వచ్చేసరికి మరో మూడు రోజులు గడిచిపోయాయి.

కట్టు విప్పిన రోజున భర్త కిటికీ వైపు చూశాడు. "వెలుతురు తెలుస్తోంది. అంతే." తర్వాత భార్య వైపు తిరిగాడు. "పోనీలేవే, ఇకమీద నీ కోపం సగమే కనిపిస్తుంది."

ఆవిడ నవ్వలేదు. లేత్ మీద వెంట్రుకవాసి తేడా పట్టే కన్ను అది. ఆ మూడు రోజులే దాన్ని మింగేశాయని డాక్టరు దాచకుండా చెప్పాడు.

"డాక్టరుగారూ, మా షాపులో కొలతలు ఒక్కసారే తీస్తారు," అంది ఆవిడ. "కత్తిరించే అతనికీ, కుట్టే నాకూ, కాజాలు తీసే ఆవిడకూ అదే చీటీ. ఎవరి టేపుతో వాళ్లు మళ్లీ కొలిస్తే ఆ చొక్కా ఎవరి ఒంటికీ పట్టదు. చొక్కాకున్న చీటీ మనిషి జబ్బుకు లేకపోయిందేమిటండీ?"

డాక్టరు అన్నాడు:

"బీమా కంపెనీలు ఎన్నయినా ఉండనీ తల్లీ, రోగి నింపే ఫారం మాత్రం ఒక్కటే ఉండాలి."