మిరపకాయల టైంటేబుల్

మా యూనివర్సిటీలో టైంటేబుల్ వేసేవాడికి స్నేహితులుండరు. ఒకాయనకు పొద్దున మొదటి పీరియడ్ వద్దు, పిల్లల్ని స్కూలు బస్సు ఎక్కించాలట. ఇంకొకాయనకు శనివారం మధ్యాహ్నం వద్దు, అద్దంకి బస్సులో సీటు దొరకదట. ఒకావిడకి వరసగా రెండు క్లాసులుంటే గొంతు పోతుందట, స్టాఫ్ రూములో మాత్రం పూటంతా మాట్లాడినా ఏమీ కాదు. అందరూ అందలమెక్కితే మోసేవాళ్లెవరండీ అంటే మూతి ముడుచుకుంటారు. చాలా ఏళ్లుగా ఈ తలనొప్పి నాదే. నా పేరు గౌస్ బాషా, మెకానికల్ డిపార్ట్‌మెంటు. నాకు కోపం ఎక్కువని అందరూ అంటారు. ఒక్క సెమిస్టరు నా కుర్చీలో కూర్చుని చూడమనండి, తెలుస్తుంది.

ఏ కోరికా కోరకుండా ఇచ్చిన క్లాసు తీసుకుని వెళ్లే మనిషి మా యూనివర్సిటీ మొత్తానికి ఒక్కరే, శ్యామలాంబ మేడమ్. లెక్కలు చెబుతారు. నాకూ చెప్పారు. నేను ఇక్కడే చదువుకుని ఇక్కడే పంతులునయ్యాను. అందరూ నన్ను బాషా గారంటారు, ఆవిడ మాత్రం ఇప్పటికీ 'ఏరా బాషా' అంటారు. ఆ పిలుపు వింటే నా కోపం ఎక్కడికి పోతుందో నాకే తెలీదు.

మా క్యాంపస్ చిలకలూరిపేట దాటాక హైవే పక్కన ఉంటుంది. కట్టేటప్పుడు పెద్దలు అన్నీ చూశారు. నీళ్లు చూశారు, రోడ్డు చూశారు, వాస్తు మరీ మరీ చూశారు. వాస్తు ప్రకారం తూర్పు బ్లాకుకి ఇంతింత కిటికీలు పెట్టించారు. ఆ కిటికీలకి ఎదురుగా, పొట్టి గోడకి అవతల ఏముందో మాత్రం చూడలేదు. అక్కడ యలమంద అనే రైతు మిరప కల్లం ఉంది. మాఘమాసం వచ్చిందంటే ఆ కల్లం నిండా ఎర్రగా కాయలు ఎండుతుంటాయి. వాటిని తిరగేసినప్పుడల్లా, బస్తాలకెత్తినప్పుడల్లా ఘాటు లేచి, ఆ వాస్తు కిటికీల్లోంచి నేరుగా మా క్లాసుల్లోకి వస్తుంది. పాఠం చెప్పేవాడు దగ్గుతాడు, వినేవాడు తుమ్ముతాడు. కిటికీలు మూసినా సందుల్లోంచి వస్తూనే ఉంటుంది.

అందుకని నా దగ్గర రెండు టైంటేబుళ్లుంటాయి. ఒకటి నోటీసు బోర్డులో ఉండేది, రెండోది మిరపకాయల టైంటేబుల్. కోతలు మొదలవగానే తూర్పు బ్లాకు క్లాసుల్ని వీలైనన్ని అటూ ఇటూ మార్చేస్తాను. మేడమ్ క్లాసు విషయంలో మరీ జాగ్రత్త. ఆవిడకి ఉబ్బసం ఉంది. మోకాళ్ల నొప్పులు కూడా, మెట్లెక్కలేరు. కింది అంతస్తులో పాఠం చెప్పుకునే గదులన్నీ తూర్పు బ్లాకులోనే ఉన్నాయి. పడమటి బ్లాకు కింద ఒక డ్రాయింగ్ హాలుంటే, సీజన్లో ఆవిడ క్లాసు అందులో పెట్టేవాణ్ణి.

ఈ ఏప్రిల్లో మేడమ్ రిటైరవుతున్నారు. సెమిస్టరు మొదట్లో నా గదికి వచ్చి, ఇన్నేళ్లలో మొదటిసారి ఒక కోరిక కోరారు.

"ఈ బ్యాచ్‌కి చివరి లెక్క దాకా నేనే చెప్పాలిరా. సగంలో ఇంకొకరి చేతిలో పెట్టి వెళ్లిపోతే నాకు ముద్ద దిగదు."

ఇంకోసారి ఊపిరాడకపోతే ఉద్యోగం అక్కడితో ఆపేయమని డాక్టరు అన్నాడట. అదీ నవ్వుతూ చెప్పారు. అదెంత పని మేడమ్, నేను చూసుకుంటానుగా అన్నాను.

కానీ ఈ ఏడాది మాకు అకడమిక్ ప్లానింగ్‌కి కొత్త డీన్ వచ్చాడు. రామకాంత్ గారు, హైదరాబాద్ నుంచి. చెడ్డవాడైతే పోట్లాడి గెలిచేవాణ్ణి, మంచివాడు కావడంతోనే వచ్చింది చిక్కంతా. టైంటేబుల్ మొత్తం సాఫ్ట్‌వేర్‌లో పెట్టాడు. డ్రాయింగ్ హాలు డ్రాయింగ్‌కే, తనిఖీ కమిటీ వస్తోంది, తాళం వేసేశానన్నాడు. ఘాటు సంగతి చెప్పాను. గాలిని చూసి క్లాసులు మార్చే యూనివర్సిటీ ప్రపంచంలో ఎక్కడైనా ఉందా అని అడిగాడు. మా గుంటూరు వైపు మిర్చి సీజన్లో ఉండి చూడండి అన్నాను. నవ్వి, అంత ఇబ్బందైతే మేడమ్ క్లాసు ఇంకెవరికైనా ఇచ్చేద్దాం, పాపం ఆవిడా విశ్రాంతి తీసుకుంటారు అన్నాడు. ఆయన మంచికే అన్నాడు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

కోతలు మొదలయ్యాయి. ఒకరోజు మూడో పీరియడ్‌లో తూర్పు వరండాలో నడుస్తున్నాను. మేడమ్ క్లాసు బయట మెట్టు మీద కూర్చుని ఉన్నారు, చేతిలో ఇన్‌హేలర్. లోపల పిల్లలందరూ గుమ్మం వైపే చూస్తున్నారు. నన్ను చూసి, ఎవరికీ చెప్పకురా అన్నట్టు చెయ్యూపారు. మాట్లాడటానికి ఊపిరి లేదు. నాకు లెక్కలు రావని నేను ఇంట్లో ఏడుస్తుంటే మా ఇంటికొచ్చి అమ్మకి ధైర్యం చెప్పిన మనిషి ఆవిడ. నాకు ఏడుపొచ్చింది.

లోపల చెల్లని మాట బయట చెల్లుతుందేమోనని ఆ సాయంత్రమే గోడ చుట్టూ తిరిగి కల్లానికి వెళ్లాను. యలమంద కాయల మీద పట్టాలు కప్పుతున్నాడు. వచ్చిన పని చెప్పాను. మూడో పీరియడ్ జరిగినంతసేపూ కాయలు కదపకుండా ఉండగలరా బాబాయ్ అని అడిగాను. ఆయన పడీపడీ నవ్వాడు.

"ఏంది సారూ, మా కల్లానికి గూడా టైంటేబులేస్తున్నారా?"

ఆయన భార్య వెంకటేశ్వరమ్మ నవ్వలేదు. ఆ మేడమ్‌కి ఏం జబ్బని అడిగింది. ఉబ్బసం అన్నాను. వాళ్లమ్మా ఉబ్బసంతోనే పోయిందట. పట్టా అంచు సర్దుతూ, కూలీల అన్నాల వేళ ఆ గంటకి మార్చుకుంటామంది. మీ గంట కొట్టాకే కాయ ముట్టుకుంటాం, పోండి సారూ అంది. యలమంద పెళ్లాం వైపు చూసి, సరేనన్నాడు. ఆ ఇంట్లో డీన్ ఎవరో నాకు అర్థమైంది.

మర్నాటి నుంచి మూడో పీరియడ్ బెల్లు మోగితే చాలు, గోడకి అవతల చప్పుడుండేది కాదు. కూలీలందరూ క్యారేజీలు తెరిచి కూర్చునేవాళ్లు. బెల్లు మళ్లీ మోగాకే లేచేవాళ్లు. మేడమ్‌కి ఈ సంగతి చెప్పలేదు. చెబితే ఒప్పుకోరు, తన కోసం ఇంకొకరి పని ఆగడం ఆవిడకి గిట్టదు. ఈ ఏడు గాలి తిరిగిందిరా బాషా, దేవుడి దయ అంటే, అవును మేడమ్ అనేవాణ్ణి.

అలా చివరి క్లాసు దాకా వచ్చాం. ఆ రోజు పొద్దున్నుంచే ఉక్క. మూడో పీరియడ్ సగంలో తూర్పున నల్లగా మబ్బు పట్టి ఉరిమింది. నేను వరండాలోకి పరిగెత్తుకొచ్చి చూశాను. కల్లం నిండా కాయలు పరిచే ఉన్నాయి. కూలీలు పట్టాలు ఒళ్లో పెట్టుకుని, మా బిల్డింగు వైపే చూస్తూ కూర్చున్నారు. యలమంద లేస్తున్నాడు, కూర్చుంటున్నాడు. కాయల్ని కుప్ప పోస్తే ఆ గాలికి ఘాటంతా ఈ గదిలోకే వస్తుంది. పోయకపోతే ఆ ఇంటి ఏడాది కష్టం తడిసిపోతుంది.

మేడమ్ బోర్డు మీద చివరి లెక్క సగం చేసి, ఉరుముకి కిటికీ అద్దంలోంచి బయటికి చూశారు. వానొస్తుంటే వాళ్లెందుకలా కూర్చున్నారని పిల్లల్ని అడిగారు. గుమ్మంలో నిలబడ్డ నన్ను చూశారు. ఇక దాచలేక మొత్తం చెప్పేశాను. ఆవిడ ముఖం ఎర్రబడింది.

"నా పాఠం కోసం వాళ్ల పంట తడవాలా? ఎవరినడిగి వేశావురా ఈ టైంటేబుల్?"

అంత కోపం ఆవిడ దగ్గర ఎప్పుడూ చూడలేదు. చాక్‌పీసు బల్ల మీద పెట్టారు. ముక్కులకి గుడ్డలు కట్టుకుని వెళ్లండర్రా అని పిల్లలకి చెప్పారు. మరి మీరు అంటే, తలుపు వేసుకుంటాను, ముందు నువ్వు వెళ్లు అన్నారు.

క్లాసు క్లాసంతా గోడ దూకింది. మాచవరం, పొదిలి, వినుకొండ వైపు రైతుల పిల్లలే సగం మంది, ఒకరు చెప్పాల్సిన పని లేదు. పైనుంచి చూసిన రామకాంత్ గారు, పిల్లలు గోడ దూకుతున్నారని తిట్టడానికి పరిగెత్తుకొచ్చాడు. ఆయనెవరో యలమందకి తెలీదు కదా, అట్టా చూస్తావేందయ్యా, ఆ కొస పట్టుకో అని పట్టా చేతిలో పెట్టాడు. డీన్ గారు పట్టుకున్నాడు. కాసేపటికి కొత్తవాళ్లందరూ చేసే పొరపాటే చేశాడు, ఆ చేత్తో కళ్లు నులుముకున్నాడు. ఆయన కళ్ల నీళ్లూ, వాన చినుకులూ ఒకేసారి మొదలయ్యాయి. అప్పటికి చివరి పట్టా కట్టేశాం.

వానలోనే క్లాసుకి పరిగెత్తాను. తలుపు తోశాను. మేడమ్ కుర్చీలో ఉన్నారు, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఆయాసపడుతూ. కాయలు తడవలేదుగా అని అడిగారు. లేదు మేడమ్ అన్నాను. హమ్మయ్య అన్నారు. అప్పుడే బెల్లు మోగింది. బోర్డు మీద లెక్క సగంలోనే ఉంది. ఆవిడ దాన్ని చూసి, పోనీలేరా, మిగతాది వాళ్లే చేసుకుంటారు అన్నారు. ఆ మాట అనడానికి ఆవిడ ఎంత కష్టపడ్డారో నాకు తెలుసు.

వెనక నుంచి రామకాంత్ గారు, ఒక కన్ను మూసుకునే, ఈ గదిలో తర్వాత పీరియడ్ తనదేనని, అది మేడమ్ గారికి ఇస్తున్నానని చెప్పాడు. సాఫ్ట్‌వేర్ ఒప్పుకుంటుందా సార్ అన్నాను. ఊరుకోలేక అన్నాను. దాని సంగతి నేను చూసుకుంటాలెండి, ముందు నీళ్లెక్కడున్నాయో చెప్పండి అన్నాడు.

వాన బాగా పట్టుకుంది. ఘాటంతా అణిగిపోయింది. మేడమ్ మెల్లగా లేచి, సీజనంతా మూసే ఉన్న కిటికీ గడియ తీశారు. అవతల, వానకి గోడ దాటొచ్చి మా బిల్డింగు చూరు కింద వెంకటేశ్వరమ్మ, కూలీలు తలల మీద గోతాలు కప్పుకుని నిలబడి ఉన్నారు. మేడమ్, వెంకటేశ్వరమ్మ ఒకరినొకరు చూసుకోవడం అదే మొదలు.

"నా వల్ల మీకు ఎంత ఇబ్బందమ్మా," అన్నారు మేడమ్.

"ఇబ్బందేముందమ్మా. రోజూ మీ గంట అయిందాకా కూర్చునేవాళ్లం, కిటికీలు మూసి ఒక్క ముక్క వినపడేది కాదు. ఇయ్యాళ తీశారుగా. కానీండి, వింటాం."

మేడమ్ కళ్లు తుడుచుకుని బోర్డు దగ్గరకొచ్చారు. నేను వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను, నేను చదువుకున్నప్పుడు కూర్చున్న చోటే. ఎక్కడ ఆపామర్రా అని అడిగితే, తడిసిన పిల్లలందరూ ఒక్కసారే చెప్పారు. కిటికీ అవతల గుసగుసలాడుతున్న కూలీలను వెంకటేశ్వరమ్మ ఊరుకోమంది.

లెక్క చివరి దాకా చెప్పారు. మధ్యలో ఒక్కసారి కూడా దగ్గలేదు.