నలభై మూడేళ్ళ విద్యార్థిని

కాలిఫోర్నియా నడిమి లోయలో పాల డెయిరీలూ బాదం తోటలూ తప్ప మరేం లేని ఒక చిన్న ఊరు. ఆ ఊరి కమ్యూనిటీ కాలేజీలో, స్టాటిస్టిక్స్ క్లాసు మూడో వరసలో ఇద్దరు ఆడవాళ్ళు పక్కపక్కనే కూర్చునేవారు. ఒకరికి ఇరవై ఏళ్ళు, ఇంకొకరికి నలభై మూడు. ఇద్దరి మధ్యా ఒకటే పుస్తకం. చిన్నామె తల వంచుకుని గబగబా రాసుకుపోయేది. పెద్దామె మాటిమాటికీ చెయ్యెత్తి ప్రశ్నలు అడిగేది.

"అమ్మా, ఇంక చాలు. అందరూ మనల్నే చూస్తున్నారు," అని చిన్నామె గొణిగేది.

"చూడనీవే. ఫీజు కట్టాను, అడుగుతాను," అనేది పెద్దామె, డియోలిండా.

క్లాసంతా గొల్లుమనేది. తల్లీ కూతురూ కలిసి చదువుకోవడం ఎంత ముచ్చటగా ఉందో అని కాలేజీవాళ్ళు ఇద్దరికీ ఫోటో తీసి తమ కరపత్రం మీద వేసుకున్నారు. ఆ ఫోటోలో ఉన్న ఇద్దరిలో ఒకరికే సాయం అందుతుందని, రెండోవారికి అందదని, ఎప్పుడో ఎవరో రాసిపెట్టిన నిబంధన ఒకటుంది. అది అప్పటికి వాళ్ళిద్దరికీ తెలియదు.

డియోలిండా అవిలా ఆరేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు పోర్చుగల్‌కు చెందిన అజోర్స్ దీవుల నుంచి తల్లిదండ్రులతో ఈ లోయకు వచ్చింది. హైస్కూలు పూర్తయిన ఏడాదే డెయిరీలో పనిచేసే తండ్రికి నడుము విరిగింది. తండ్రి పాలు పితికే చోట కూతురు నిలబడింది. తరవాత పాల ట్యాంకరు నడిపే అర్మాండోతో పెళ్ళి, ఆపైన కూతురు లిడియా. ఈ పన్నెండేళ్ళుగా ఆమె ఊరి ప్రాథమిక పాఠశాల క్యాంటీన్‌లో పిల్లలకు భోజనం వడ్డిస్తోంది. మూడు వందల మంది పిల్లల పేర్లూ ఆమెకు నోటికొచ్చు. ఎవడు బఠాణీలు ఏరి పారేస్తాడో, ఎవరికి ఇంటి దగ్గర రాత్రి తిండి ఉండదో కూడా తెలుసు.

ఆ బడిలో నాలుగో తరగతికి రెండేళ్ళుగా సొంత టీచరు లేదు. నెలకొకరు వచ్చి పోయేవారు. వరసలో పళ్ళెం పట్టుకుని నిలబడ్డ పిల్లలు, "మిస్ లిండా, ఇవాళ మాకెవరు వస్తారు?" అని ఆమెనే అడిగేవారు. టీచరు కావాలని చిన్నప్పటి నుంచీ ఉన్న కోరిక ఆ పిల్లల వల్ల పంతంగా మారింది. అయితే ఉద్యోగం మానితే ఇల్లు గడవదు. అందుకని టర్ముకొక్క సబ్జెక్టు చొప్పున, వేసవుల్లో కూడా వదలకుండా, రెండేళ్ళ కాలేజీ చదువును తొమ్మిదేళ్ళ పాటు లాక్కొచ్చింది. కూతురు హైస్కూలు దాటి అదే కాలేజీలో చేరి, రెండేళ్ళలో తల్లిని అందుకుంది. ఇద్దరికీ నలభై మైళ్ళ దూరంలోని యూనివర్సిటీలో మూడో సంవత్సరంలోకి సీటొచ్చింది.

ఇక మిగిలింది ఆర్థిక సాయం. అది లేకపోతే సీటొచ్చినా రానట్టే.

ఒక శనివారం పొద్దున్న వంటింటి బల్ల మీద కంప్యూటర్ పెట్టుకుని ఇద్దరూ ఫలితాలు చూశారు. అర్మాండో పొయ్యి దగ్గర సాసేజీలు వేయిస్తున్నాడు. ముందు లిడియా పేరు తెరిచారు. ఫీజంతా రాష్ట్రమే కడుతుందని ఉంది. ముగ్గురూ ఇల్లెగిరిపోయేలా కేకలు పెట్టారు. తరవాత డియోలిండా పేరు తెరిచారు. "మీకు అర్హత లేదు" అని ఒక్క ముక్క ఉంది.

"ఎక్కడో తప్పు పడుంటుందిలే," అన్నాడు అర్మాండో. "ఇంత తెలివైనది నన్ను చేసుకుందంటే నమ్మలేకపోయుంటారు."

"ఛా, ఊరుకోండి. నాకు తెలుసు ఏమైందో," అంది డియోలిండా. "దీని దరఖాస్తులో తల్లి పేరు దగ్గర నన్ను రాశాం. నా దరఖాస్తులో విద్యార్థి పేరు దగ్గరా నేనే ఉన్నాను. ఒకే మనిషి రెండు చోట్లా కనబడేసరికి తికమకపడ్డారు. సోమవారం వెళ్ళి చెబితే సరిపోతుంది."

సోమవారం తల్లీ కూతురూ కాగితాలన్నీ ఫైల్లో పెట్టుకుని కాలేజీ ఆఫీసుకు వెళ్ళారు. అక్కడ ఆర్థిక సాయం పనులు చూసే మై వాంగ్ చిన్న పిల్ల, ముప్పై కూడా ఉండవు. డియోలిండా చెప్పిందంతా ఓపికగా వింది. విన్నకొద్దీ ఆ పిల్ల మొహం చిన్నబోయింది.

"తప్పేం పడలేదండీ," అంది చివరికి. "ఇలా కాలేజీ నుంచి యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అయ్యేవాళ్ళకు రాష్ట్రం ఇచ్చే ఈ సాయం ఇరవై ఎనిమిదేళ్ళ లోపు వాళ్ళకే."

"నా మార్కులు చూశావా అమ్మా?"

"చూశాను. లిడియా కన్నా మీవే ఎక్కువ."

"మా ఆదాయం?"

"ఇద్దరిదీ ఒకే ఇల్లు కదండీ. ఆదాయమూ ఒకటే."

"మరి తొమ్మిదేళ్ళ కిందట నేను చేరినప్పుడే ఈ ముక్క చెప్పుండచ్చు కదా. ఇంకా గట్టిగా చదివి తొందరగా బయటపడేదాన్ని."

మై కళ్ళు దించుకుంది. "చేరిన రోజుకే మీకు ముప్పై నాలుగండీ."

తొమ్మిదేళ్ళ పాటు తాను పరిగెత్తింది ఎప్పుడో వెళ్ళిపోయిన బస్సు వెనకాలని డియోలిండాకు అప్పుడు తెలిసింది. కేంద్రం నుంచి కొద్దిగా వస్తుందని, మిగతాది అప్పు తెచ్చుకోవచ్చని మై చెబుతూనే ఉంది. పంటి బిగువున అప్పు చేసినా, ఆఖరి ఏడాది బళ్ళో శిక్షణ కోసం ఎలాగూ క్యాంటీన్ ఉద్యోగం వదలాలి. జీతం లేక, పైన అప్పు కూడా ఉంటే ఇల్లు గడవదు. ఆ లెక్క డియోలిండాకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

బయటికి రాగానే లిడియా భోరుమంది. "నేనూ వెళ్ళనమ్మా. నా సాయం నీకిచ్చెయ్యమని రాసిస్తాను."

"బావుంది వరస. అదేమన్నా చెప్పుల జతా, నీది నేను తొడుక్కోవడానికి? నోర్మూసుకుని చదువుకో," అని కసిరింది తల్లి. కసిరి, కారెక్కాక తానూ ఏడ్చింది.

మే నెలలో మై వాంగ్ ఫోన్ చేసింది. ఆ వయసు నిబంధన ఎత్తివేయాలని శాసనసభలో ఒక బిల్లు పెట్టారు. దాని మీద జనం మాట వినడానికి సభ్యులు కాలేజీ హాలుకే వస్తున్నారు. మనిషికి రెండు నిమిషాలు ఇస్తారు. "మీ పేరు రాసేశాను, తిట్టుకోకండి," అంది మై.

డియోలిండా క్యాంటీన్ నుంచి తిన్నగా, మీద పులుసు మరకలున్న చొక్కాతోనే వెళ్ళింది. తన కథ చెప్పుకుంది. వేదిక మీదున్న వాళ్ళలో ప్రెస్కాట్ అనే పెద్దాయన మర్యాదగానే మాట్లాడాడు.

"అమ్మా, మీ పట్టుదల చూస్తే నాకు గౌరవం కలుగుతోంది. కానీ ఎక్కడో ఒకచోట గీత గీయాలి కదా. ఇది జీవితం మొదలుపెట్టే పిల్లల మీద ప్రభుత్వం పెట్టే పెట్టుబడి."

డియోలిండాకు ఒళ్ళు మండింది. మైక్రోఫోను దగ్గరకు లాక్కుంది.

"గీయండయ్యా, ఎవరు వద్దన్నారు? ఎవరికి అవసరం లేదో అక్కడ గీయండి. నేను పన్నెండేళ్ళుగా పిల్లలకు భోజనం పెడుతున్నాను. వరసలో ఆఖరున వచ్చినవాణ్ణి ఎందుకు ఆలస్యమైందిరా అని అడుగుతాం. అంతేగానీ, ఆలస్యంగా వచ్చావు కాబట్టి నీకు ఆకల్లేదు పొమ్మనం. మీరు నన్ను ఎందుకు ఆలస్యమైందని కూడా అడగలేదు. డబ్బుండుంటే ఈ చదువు రెండేళ్ళలో అయిపోయేది. లేక తొమ్మిదేళ్ళు పట్టింది. ఇప్పుడు ఆ తొమ్మిదేళ్ళే చూపించి సాయం లేదంటున్నారు. పెట్టుబడి అన్నారు. నలభై ఏడుకి టీచర్నవుతాను, అరవై అయిదు దాకా చెబుతాను. పద్దెనిమిదేళ్ళు! మా బడికి వచ్చిన కుర్ర టీచర్లు పద్దెనిమిది నెలలు ఆగడం లేదు. నేనీ ఊరు వదిలి ఎక్కడికీ పోను. ఏది మంచి పెట్టుబడో మీరే చెప్పండి."

హాలు హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ప్రెస్కాట్ తల దించుకుని ఏదో రాసుకున్నాడు. సభ నడిపిస్తున్నావిడ, "మీరు చెప్పింది న్యాయమేనమ్మా," అంది.

న్యాయమే. పది రోజుల తరవాత, నిధులు లేవు కాబట్టి బిల్లును వచ్చే ఏడాదికి వాయిదా వేశామని కబురొచ్చింది. సీటును వచ్చే ఏడాదికి అట్టిపెట్టమని యూనివర్సిటీని అడిగితే కుదరదన్నారు. మళ్ళీ మొదటి నుంచీ దరఖాస్తు చేసుకోవాలట.

జూన్ ఒకటి సాయంత్రం అయిదింటిలోగా సీటు కావాలో వద్దో చెప్పాలి. మూడింటికి డియోలిండా బల్ల దగ్గర కూర్చుంది. లిడియా తన సీటుకు ఒప్పుకుని అప్పటికే వారమైంది. తల్లి "వద్దు" అన్న చోట నొక్కగానే తెర మీద ఇంకో పేజీ వచ్చింది. ఎందుకు వద్దనుకుంటున్నారో ఒక కారణం ఎంచుకోవాలట. వేరే యూనివర్సిటీలో చేరుతున్నాను. వేరే ఊరు వెళ్ళిపోతున్నాను. చదువు మీద ఆసక్తి తగ్గింది. కుటుంబ కారణాలు. అవి నాలుగే ఉన్నాయి. ఏదో ఒకటి నొక్కందే ముందుకు పోనివ్వదు.

"కుటుంబ కారణాలు అని పెట్టెయ్యవే, పీడా పోతుంది," అన్నాడు అర్మాండో.

"కుటుంబం ఏం చేసిందండీ? మీరు వద్దన్నారా? ఇది వద్దందా?"

లిడియా తల్లి భుజం మీద చెయ్యి వేసింది. డియోలిండా ఆ నాలుగు వాక్యాలనూ మళ్ళీ ఒకసారి చదివింది. చదివి కంప్యూటర్ మూసేసింది.

"నేను వద్దనను. నాకు కావాలి. గడువు దాటాక వాళ్ళే కొట్టేసుకోనీ. నా చేత్తో మాత్రం నొక్కను," అంది.

అయిదు దాటింది. ఆమె పేరును వాళ్ళే కొట్టేశారు.

సీటొచ్చి కూడా చేరనివాళ్ళ లెక్కలు ఏటా వెలువడతాయి. వాళ్ళకు చదువు మీద శ్రద్ధ లేదని మనం తేలిగ్గా ఒక మాట అనేసి పేజీ తిప్పేస్తాం. డియోలిండా అవిలా కూడా ఆ లెక్కలోనే ఉంది. చదువుకు సాయం చెయ్యదలచుకున్న ప్రభుత్వం గడపలో నిలబడ్డ మనిషిని నీకెంత అవసరమని అడగాలి గానీ, నీకెన్నేళ్ళని కాదు.