మూడో పిలుపు

ఆరింటికి పాలు పొంగకుండా కాపలా, ఆరున్నరకి కూతురి జడ, ఏడింటికి మొగుడి సాక్సుల వేట, తొమ్మిదింటికి ల్యాబులో నీళ్ల సీసాలు. పద్నాలుగేళ్లుగా ఆమె రోజు ఇలాగే మొదలవుతోంది. ఊరికి నీళ్లిచ్చే ఆఫీసులో నీళ్లు పరీక్ష చేసే ఉద్యోగం. అందుకే వీధిలో అందరికీ ఆమె నీళ్లావిడ. ఏ కుళాయిలో ఏముందో ఆమె రాస్తుంది. పై అధికారి చదవకుండా సంతకం పెడతాడు. ఆ కాగితం బీరువాలోకి వెళ్లి పడుకుంటుంది.

ఒకరోజు బడిపిల్లలు ల్యాబు చూడ్డానికొచ్చారు. గాజు గొట్టంలోంచి ఆమె ఒక్కో చుక్కే వదులుతూ, సరిగ్గా ఏ చుక్క దగ్గర రంగు మారుతుందో, ఎందుకు మారుతుందో చెప్పింది. వెనక వరసలో ఆవులిస్తున్న ఒక పిల్ల తెరిచిన నోరు తెరిచినట్టే ఉంచి, ఆవులింత సంగతి మరిచిపోయింది. ఆ మొహం నీళ్లావిడని వదల్లేదు. తన మాట ఎవరి బుర్రలోకో వెళ్లడం ఆమె కళ్లారా చూసింది అదే మొదటిసారి.

డిగ్రీ ఉన్నవాళ్లు ఏడాది శిక్షణ పూర్తి చేస్తే టీచరవ్వొచ్చు. నలభై నిండితే మాత్రం చేర్చుకోరు. ఆమెకి నలభై వచ్చే నెలలో.

"ఇప్పుడెందుకు ఇదంతా? ఉన్న ఉద్యోగానికేమొచ్చింది?" అన్నాడు మొగుడు, సాక్సుల కోసం చెయ్యి చాపి.

"ఉద్యోగానికేం రాలేదు. నాకే విసుగొచ్చింది."

"టీచర్లకి విసుగు రాదా?"

"వస్తే రానివ్వండి. కొత్త విసుగు పడతాను. ఈ పాతది అరిగిపోయింది."

శిక్షణ కాలేజీ సీటిచ్చింది. ఒక్క కాగితం మాత్రం తెమ్మంది. ఆమె పట్టా మీద 'అనువర్తిత రసాయన శాస్త్రం' అని ఉంది, వాళ్ల జాబితాలో ఉత్త 'రసాయన శాస్త్రం' ఉంది. రెండూ ఒకటేనని అర్హతల ఆఫీసు రాసివ్వాలి. గడువు రెండు వారాలు, రెండో శుక్రవారం సాయంత్రం దాకా.

అర్హతల ఆఫీసులో ఒక హాలు, ఆరు బెంచీలు, ఆ చివర ఎత్తైన కౌంటరు, దాని వెనక ఇరవై రెండేళ్లుగా అదే గుమాస్తా. టోకెన్ తీసుకుని కూర్చోవాలి. నిలబడ్డవాళ్ల నంబరు పిలవరని గోడ మీద బోర్డుంది. కూర్చున్నవాళ్లకి గంటన్నరలో పాదాల కింద చెట్టుకిలా వేళ్లు దిగుతాయి. దాని పక్కన ఇంకో బోర్డు: 'వేళ్లు దిగినచో కార్యాలయము బాధ్యత వహించదు.' ఇక నంబరు మూడుసార్లే పిలుస్తారు. వేళ్లు వదిలించుకుని లేవాలంటే పావుగంట పడుతుంది. మూడు పిలుపులూ కలిపి అర నిమిషం.

సాయంత్రం ఐదింటికి ఆయమ్మ అందరి మడమలకీ నూనె రాసి వేళ్లు ఊడదీస్తుంది. జనం ఇళ్లకెళ్తారు, వేళ్లు నేలలోనే ఉంటాయి. మర్నాడు ఎవరి గుంటలో వాళ్లు కాళ్లు పెట్టుకుంటే మళ్లీ అతుక్కుంటాయి.

నీళ్లావిడకి మాత్రం మొదటిరోజు అదృష్టం బాగుంది. వేళ్లు దిగకముందే పిలుపొచ్చింది. గుమాస్తా పట్టాని వెలుతురుకి పెట్టి చూశాడు.

"మీరు రసాయన శాస్త్రం చదవలేదు కదమ్మా."

"అదే చదివానండీ. అనువర్తిత అంటే, నేర్చుకున్నది పనిలో పెట్టడం."

"అంటే వాడేసిన శాస్త్రం. అది పిల్లలకెలా చెప్తారు?"

నీళ్లావిడ పట్టా వెనక్కి లాక్కుంది.

"మీ పాఠ్యాంశాల జాబితా తీసుకురండి. మళ్లీ టోకెన్ తీసుకోండి."

ల్యాబుకి సెలవు పెట్టి, ఆ జాబితా తెచ్చి మర్నాడు కూర్చుంది. ఈసారి పిలుపొచ్చేసరికి కాళ్లు కదల్లేదు. ఆ మర్నాడూ అంతే.

పక్క బెంచీలో ఒక నర్సు ఉండేది. పదేళ్లు ఆసుపత్రిలో రాత్రీపగలూ చేసి, జీవశాస్త్రం చెప్పాలని వచ్చింది. ఎనిమిది నెలలైంది.

"నాకు జీవశాస్త్రం రాదన్నాడు మహానుభావుడు," అంది నర్సు. "రెండొందల కాన్పులు చేశాను. ఇంకెక్కడుంటుందట జీవం?"

"మీ ఇంట్లో ఏమంటున్నారు?"

"ఎనిమిది నెలలు కూర్చోడానికి పెట్టి పుట్టావంటున్నాడు మా ఆయన. ఆయనకి అన్నం నేను నిలబడే వడ్డిస్తున్నానుగా, కూర్చుంటే చూడలేడు."

మధ్యాహ్నం ఆయమ్మ పొడుగు మూతి డబ్బాతో వచ్చి అందరి కాళ్ల దగ్గరా నీళ్లు పోసింది. నీళ్లావిడ ముక్కుకి ఘాటు తగిలింది. వంగి చూసింది. వేళ్ల కొసలన్నీ మాడిపోయి ఉన్నాయి.

"ఆయమ్మా, ఇవి ఎక్కడి నీళ్లు?"

"కుళాయివేనమ్మా. ఇప్పుడే పట్టాను."

ఆ వీధి కుళాయిలో క్లోరిన్ ఎక్కువుందని నీళ్లావిడ పదకొండుసార్లు రాసింది. పదకొండు కాగితాలూ బీరువాలో సుఖంగా ఉన్నాయి.

"క్రిములు చావాలని క్లోరిన్ కలుపుతారు. ఇంత ఘాటుగా ఉంటే లేత వేరు మాడిపోతుంది. రేపటి నీళ్లు ఈ రోజే వెడల్పాటి బకెట్లో పట్టి, మూత పెట్టకుండా ఉంచు. అది గాల్లోకి పోతుంది."

"నీళ్లలో కలిసింది గాల్లోకి ఎందుకు పోతుంది?" అంది నర్సు.

నీళ్లావిడ ఎందుకో చెప్పింది. ముందు వరసవాళ్లు మెడలు తిప్పారు. వెనక వరసవాళ్లు "కాస్త గట్టిగా చెప్పండమ్మా" అన్నారు. చెప్పడం పూర్తయ్యేసరికి ఆయమ్మ డబ్బా పట్టుకుని అలాగే నిలబడిపోయింది, సరిగ్గా ఆవులింత మరిచిన ఆ పిల్ల మొహంతో.

"ఇరవయ్యేళ్లుగా పోస్తున్నాను," అంది ఆయమ్మ. "ఒక్కరూ చెప్పలేదు. పొయ్యమన్నారు, పోశాను."

అప్పట్నుంచి రోజూ మధ్యాహ్నం హాల్లో పాఠం. సబ్బు మురికినెలా వదిలిస్తుంది, ఇనుము ఎందుకు తుప్పు పడుతుంది, ఉప్పు నీళ్లు ఎందుకు ఆలస్యంగా గడ్డకడతాయి. గుమాస్తా "నిశ్శబ్దం" అని అరిచేవాడు. ఆ తర్వాత తనూ పెన్ను ఆపి వినేవాడు. వేళ్లు తెల్లగా, బలంగా తేరుకున్నాయి. మొక్క కిటికీ వైపు వంగినట్టు అన్నీ నీళ్లావిడ బెంచీ వైపు పాకాయి. నేల పలకలు అక్కడక్కడా లేచాయి. ఆయమ్మ వాటి చుట్టూ జాగ్రత్తగా ఊడ్చేది.

రెండో శుక్రవారం వచ్చింది. కాలేజీ ఐదింటికి మూసేస్తుంది. నాలుగు దాకా ఆమె నంబరు రాలేదు. మొగుడు ఫోన్ చేశాడు.

"పాప యూనిఫాం ఎక్కడుంది?"

"పాపనే అడగండి."

"అది నిన్నడగమంటోంది."

"అయితే ఇద్దరూ కలిసి వెతకండి," అని పెట్టేసింది.

"అరవై ఒకటి!" అన్నాడు గుమాస్తా.

ఆమెదే. లేవబోయింది. రెండు వారాల వేళ్లు, పైగా అందరి వేళ్లూ వచ్చి వాటితో పెనవేసుకున్నాయి. కాలు వెంట్రుకవాసి కదల్లేదు.

"అరవై ఒకటి!"

"ఉన్నారండీ! ఇక్కడే ఉన్నారు!" హాలంతా అరిచింది.

"కౌంటరు దగ్గరికొస్తేనే ఉన్నట్టు," అన్నాడు గుమాస్తా, ఇరవై రెండేళ్ల అలవాటుతో.

నర్సు కళ్లు మూసుకుని మడమలు బిగించి తన వేళ్లు లాగింది. తర్వాత పక్కావిడ, ఆ తర్వాత బెంచీ మొత్తం, ఆరు బెంచీలూ. నేల కింద ఏదో సర్దుకున్న చప్పుడైంది. పలకలు ఒక అలలా లేచి కౌంటరు దాకా వెళ్లి వెనక్కి మళ్లాయి. వాటితోపాటు కౌంటరు, స్టాంపులు, కుర్చీతో సహా గుమాస్తా, అన్నీ హాలు నడిమధ్యకి జరిగొచ్చి నీళ్లావిడ మోకాళ్లకి ఆనుకుని ఆగాయి.

"అరవై ఒకటి," అన్నాడు మూడోసారి, చిన్న గొంతుతో.

"వచ్చాను," అందామె. "అంటే, మీరే వచ్చారు."

కౌంటరు పాత చోటు నుంచి వచ్చేయడంతో గుమాస్తా కాళ్లు మొదటిసారి అందరికీ కనబడ్డాయి. బూట్లు చీల్చుకుని దిగిన ఇరవై రెండేళ్ల వేళ్లు, పాత చీపురు పుల్లల్లా ఎండిపోయి ఉన్నాయి. కౌంటరు వెనక్కి నీళ్లు పొయ్యాలని ఆయమ్మకి ఎవరూ చెప్పలేదు. ఆయన తనే సీసాతో కుళాయి నీళ్లు పోసుకునేవాడు.

ఎవరూ నవ్వలేదు. ఆయన పట్టా వైపు చూడకుండా కాళ్ల వైపే చూస్తూ అడిగాడు:

"ఇవి... మళ్లీ తేరుకుంటాయంటారా?"

"తేరుకుంటాయి. బకెట్ నీళ్లు, మూత లేకుండా. విన్నారుగా."

"విన్నాను. గాల్లోకి పోతుందన్నారు."

"ఎందుకు పోతుంది?"

ఆయన తడబడుతూ, చేతివేళ్లు మడుస్తూ, మొత్తం అప్పజెప్పాడు. ఒక చోట తప్పితే నర్సు అందించింది.

"బాగా చెప్పారు," అంది నీళ్లావిడ. "ఇప్పుడు మీరు చెప్పింది ఏ శాస్త్రమండీ?"

గుమాస్తా పెన్ను మూత తీశాడు. గోడ గడియారం నాలుగూ ఇరవై చూపిస్తోంది.

"రసాయన శాస్త్రమే," అన్నాడు.

"అదే రాసివ్వండి."

ఆయన రాశాడు. స్టాంపు వేశాడు. ఆయమ్మ అప్పటికే నూనె సీసాతో ఆమె కాళ్ల దగ్గర కూర్చుంది. మడమలు ఊడిరాగానే నీళ్లావిడ చెప్పుల్లేకుండా పరిగెత్తింది. ఐదుకి మూడు నిమిషాలుండగా కాలేజీ కిటికీలో కాగితం పెట్టింది.

అర్హతల ఆఫీసులో కౌంటరుని వెనక్కి జరపడం ఎవరి వల్లా కాలేదు. అది ఇప్పటికీ బెంచీల మధ్యే ఉంది, పిలవగానే చెయ్యి చాపితే అందేంత దూరంలో. మధ్యాహ్నం పాఠం నర్సు చెబుతోంది. ఆమె నంబరు రావడానికి వారం కూడా పట్టదంటున్నారు.

ఏడాది తిరిగాక ఒక బడిలో నీళ్లావిడ మొదటి క్లాసు. పెద్ద టీచరు కుర్చీ జరిపి, "కూర్చుని చెప్పండమ్మా, రోజంతా నిలబడలేరు," అంది.

నీళ్లావిడ ఆ కుర్చీని తీసుకెళ్లి వరండాలో పెట్టి, తలుపు దగ్గరకి వేసి, సుద్దముక్క అందుకుంది.