ఎడం చేతి కర్ర

వీరాస్వామికి కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. ఆ వారమైతే మరీను.

రాదూ మరి! తెల్లదొరల బంతులు ఏరుతూ గోల్ఫ్ నేర్చుకుని, చివరికి ఆ దొరలకే ఆట నేర్పే ప్రొఫెషనల్ అయిన మనిషి. నలభై ఏళ్లుగా చెక్కతో గోల్ఫ్ కర్రలు చేస్తున్నాడు. సముద్రం అవతలి ద్వీపదేశంలో, బూన్ లే పేటలో ఫ్లాట్ల కింద ఆయన కొట్టు. చెయ్యి చూశాడంటే చాలు, ఆ మనిషికి సరిపడే కర్ర చేసిపెడతాడు. అలాంటిది చక్రధర్‌కి చేసిన కర్ర బంతిని తాకనైనా తాకడం లేదు!

చక్రధర్ గుంటూరు ఇంజనీరు. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు ఏమైపోతాయోనని కంపెనీలన్నీ కంగారు పడుతున్న రోజుల్లో ఉద్యోగానికి ఇక్కడికి వచ్చాడు. ఆదివారం బాసుతో ఆట. "రేకు కర్ర కొనుక్కుంటా అంకుల్" అని అతను నసిగితే, వీరాస్వామికి ఒళ్లు మండింది. "నా చేతి కర్ర తగలకపోతే ఈ కొట్టుకి తాళం వేసేస్తా!" అనేశాడు, పదిమంది ముందు.

"నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అన్నారా?" అంది భార్య సూర్యకుమారి.

శనివారం పొద్దున చక్రధర్ ముఖం వేలాడేసుకుని మూడోసారి వచ్చాడు. కర్ర మళ్లీ గాలినే కొట్టిందట. వీరాస్వామి కర్రని అటూ ఇటూ తిప్పి చూశాడు. కొట్టు మూసేస్తే ఇంక తను చేసేదేముంది?

"ముందు మకాన్, తిన్న తర్వాతే గొడవ" అంటూ సూర్యకుమారి మురుకుల పళ్లెం తెచ్చింది. పళ్లెం తగిలి బల్ల మీది బంతి దొర్లింది. అది నేల తాకేలోపే చక్రధర్ ఎడం చేత్తో లటుక్కున పట్టాడు. వెంటనే తప్పు చేసినవాడిలా కుడి చేతికి మార్చుకుని, "సారీ ఆంటీ, ఎడం చెయ్యి..." అన్నాడు.

"ఆగు! నీది పుర్రచెయ్యా?" అని అరిచాడు వీరాస్వామి.

"చిన్నప్పుడు అంకుల్. మా నాయనమ్మ అట్లకాడతో కొట్టి మానిపించింది."

వీరాస్వామి పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. "ఓరి నీ అఘాయిత్యం కూలా! నువ్వు అన్నం తినే చెయ్యి చూసి కర్ర చేశాన్రా నేను!"

అటక మీద గోనెసంచీలో ఒక కర్ర ఉంది. ఎడం చేతివాటం కర్ర. ప్రొఫెషనల్ అయిన ఏడాది తన కోసమే చేసుకున్నాడు. ఆయనదీ పుర్రచెయ్యే. దొరలు పారేసిన కర్రలన్నీ కుడి చేతివి కాబట్టి కుడి చేత్తోనే నేర్చుకున్నాడు. తీరా సొంత కర్ర చేసుకున్నాక, పుర్రచేతి గురువు దగ్గర ఎవరు నేర్చుకుంటారని దాన్ని దాచేశాడు. తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

ముగ్గురూ ప్రాక్టీసు మైదానానికి వెళ్లారు. చక్రధర్ ఆ కర్ర ఎత్తి కొట్టాడు. బంతి తిన్నగా లేచి, దూరంగా గడ్డిలో పడింది.

"అమ్మయ్య! ఇది కూడా ఆయన చేతి కర్రే. కొట్టుకి తాళం తప్పింది" అంది సూర్యకుమారి.

"ఇప్పుడు మీరు అంకుల్" అంటూ చక్రధర్ కర్ర అందించాడు, ఎడం చేత్తో. ఈసారి సారీ చెప్పలేదు.

వీరాస్వామి కూడా ఎడం చేత్తోనే అందుకున్నాడు. డెబ్బై ఏళ్ల మనిషి కాళ్లు సర్దుకుని నిలబడ్డాడు. కొట్టాడు. బంతి చక్రధర్ బంతిని దాటి ఇంకా పోతూనే ఉంది.

"చూశావుటే?" అన్నాడు భార్యతో, కళ్లు తుడుచుకుంటూ. "ఇంకో బంతి పెట్టు."